ఇంటికొచ్చే పేపరే ఓటు వేయిస్తోందా?

బందరు, గుడివాడల్లో ఇంటికి ఏ పేపర్ వస్తుందో చెబితే చాలు, ఆ ఇంటి ఓటు ఎటో ఊహించేస్తారు. ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు.

గుడివాడ దగ్గర పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1974లో ఈనాడు పెట్టారు. అదే ప్రాంతంలోని నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1982లో తెలుగుదేశం పెట్టారు. ఈనాడు అండ కూడా తోడై, ఆ పార్టీ తొమ్మిది నెలల్లోనే గెలిచింది. తర్వాత జగన్ ముందు పేపర్ తెచ్చారు, 2008లో సాక్షి. పార్టీ 2011లో వచ్చింది.

అమెరికాలోనూ ఇదే తంతు. 2020 ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాలు మోసం చేశాయన్న అబద్ధాన్ని ఫాక్స్ న్యూస్ ప్రసారం చేసింది. లోపల దాన్ని నమ్మనివాళ్లు కూడా ప్రేక్షకులు జారిపోతారని భయపడ్డారు. చివరికి 2023లో డొమినియన్ కంపెనీకి సుమారు 78.75 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అంటే మీడియా జనాన్ని నడిపిస్తుంది, జనం ఇష్టం మళ్లీ మీడియాను నడిపిస్తుంది.

ముస్లిం కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. 2025లో వక్ఫ్ సవరణ బిల్లుకు లోక్‌సభలో తెలుగుదేశం మద్దతిచ్చింది, వైఎస్సార్‌సీపీ వ్యతిరేకించింది. ఎవరి పేపర్ వారి నాయకుడినే సమర్థిస్తే, దివిసీమలోని మసీదుకో ఖబరస్తాన్‌కో ఆ చట్టంతో ఏమవుతుందో చెప్పేదెవరు?

అందుకే రెండు పేపర్లూ చూడాలి. చట్టంలో ఏముందో తెలిసినవాళ్లను అడగాలి. ఓటు మనది, తీర్పు కూడా మనదే కావాలి.