వాన పెద్దదైతే మా ఇంటికి వచ్చేయండి

అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట వాసులకు, బెజవాడలోని అందరికీ ఒక మాట.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మన ఇళ్లలోకి వచ్చింది. తర్వాత నీళ్లు తీశాయి, గోడలకు మళ్లీ రంగులు పడ్డాయి. కానీ ఈనాటికీ మబ్బు పడితే గుండె దడ పుట్టేవాళ్లు, వాన రాత్రి పదేపదే లేచి వీధిలోకి తొంగిచూసేవాళ్లు మన మధ్య ఉన్నారు. "అయిపోయిందిగా, ఇంకా ఎందుకమ్మా ఈ భయం?" అని వాళ్లతో దయచేసి అనకండి. అది పిరికితనం కాదు, పిచ్చి అంతకన్నా కాదు. పిల్లల్ని ఎత్తుకుని నీళ్లలో నిలబడ్డ మనిషిని ఆ భయం అంత తొందరగా వదలదు.

ఆ రోజుల్లో కింది ఇళ్లవాళ్లకు పై అంతస్తులవాళ్లు చోటిచ్చారు. ఉన్న అన్నం, తాగే నీళ్లు పంచుకున్నారు. నా మొదటి విన్నపం: చోటిస్తామన్న మాట ఈసారి ముందే చెప్పండి. "వాన పెద్దదైతే మా ఇంటికి వచ్చేయండి" అని కింది ఇంటివాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి. ఎక్కడికి వెళ్లాలో తెలిసిన మనిషికి ఆ రాత్రి కాస్తయినా కునుకు పడుతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల తలుపు మరీ మరీ తట్టండి.

ఆధార్, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టుకోండి. సగం బెంగ అక్కడే తీరుతుంది. అధికారుల హెచ్చరికలు తప్పక వినండి. పాత వరద వీడియోలు మాత్రం వాట్సాప్‌లో పంపకండి, పడుకోబోయే ముందు చూడకండి. రోజూ ఒకే వేళకు లేవడం, పొద్దున కాసేపు నడవడం చిన్న పనులే, కానీ చెదిరిన నిద్రను దారిలో పెడతాయి. మందు తాగితేనే నిద్ర పడుతుందనుకునే అన్నలారా, అది నడిరాత్రి మిమ్మల్ని మళ్లీ లేపుతుంది. పిల్లలు "మళ్లీ నీళ్లొస్తాయా?" అని అడిగితే కసరకండి. వస్తే ఏం చేస్తామో చెప్పండి.

రెండు వారాలైనా నిద్ర, తిండి కుదుటపడకపోతే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ ఆదివారం మీ వీధిలో పది ఇళ్లవాళ్లు కలిసి కూర్చోండి. ఎవరు ఎవరింటికి వెళ్లాలో, మంచం మీదున్న ముసలివాళ్లను ఎవరు మోయాలో పేర్లతో సహా అనుకోండి. ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి ప్రతి ఇంట్లో అంటించండి.