రెడ్‌ వైన్‌ గుండెకు మేలా?

‘డాక్టరు గారూ, రెడ్‌ వైన్‌ గుండెకు మంచిదట కదా?’ ఓపీలో తరచూ వినే ప్రశ్న ఇది.

ఇటలీలోని వెరోనా దగ్గర తయారయ్యే ఖరీదైన వైన్‌ ‘అమరోనే’నే తీసుకోండి. కోసిన ద్రాక్షను మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. నీరు తగ్గి చక్కెర చిక్కబడుతుంది. పులిసేటప్పుడు అందులో చాలావరకు ఆల్కహాల్‌గా మారుతుంది. ఎండుద్రాక్ష లాంటి చిక్కటి రుచి, చివర్లో కాస్త చేదు దీని ప్రత్యేకత. ఆల్కహాల్‌ సాధారణంగా 15 శాతం పైనే. అంటే 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 18 గ్రాములు! 12 శాతం వైన్‌లో అయితే 14 గ్రాములే.

ఆల్కహాల్‌కు సురక్షిత మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. సీసాలపై క్యాన్సర్‌, కాలేయ జబ్బుల హెచ్చరిక ముద్రించాలని ఐర్లాండ్‌ అదే ఏడాది నిర్ణయిస్తే, ఇటలీ గట్టిగా వ్యతిరేకించింది. 2026లో రావాల్సిన ఆ హెచ్చరిక 2028కి వాయిదా పడింది. కారణం వైద్యం కాదు, వ్యాపారం.

లేబుల్‌ వచ్చేదాకా ఆగకండి. అలవాటు లేనివారు గుండె పేరు చెప్పి మొదలుపెట్టొద్దు. ఇన్సులిన్‌, గ్లిమెపిరైడ్‌ వాడేవారు ఖాళీ కడుపుతో తాగితే షుగర్‌ ప్రమాదకరంగా పడిపోవచ్చు. గుండెకు మేలు కావాలంటే రోజూ అరగంట నడవండి, బీపీ అదుపులో ఉంచుకోండి.