రాబందు కిడ్నీ గురించి చదివాం, మరి అమ్మ కిడ్నీ?

డైక్లోఫెనాక్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? ప్రిలిమ్స్‌కు చదివే ఎవరిని అడిగినా ఒకటే జవాబు: రాబందులు. పశువులకు ఇచ్చిన నొప్పుల మందు కళేబరాల్లో మిగిలిపోవడం, వాటిని తిన్న రాబందుల కిడ్నీలు పాడవడం, పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనతో 2004లో అసలు కారణం బయటపడటం, 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువైద్యంలో ఆ మందును నిషేధించడం, దాని బదులు మెలాక్సికామ్ వాడమనడం. నా ఎన్విరాన్‌మెంట్ నోట్స్‌లో ఇవన్నీ ఎర్ర సిరాతో రాసుకున్నాను. మూడుసార్లు రివిజన్ కూడా అయింది.

అదే మందును మా అమ్మ రెండేళ్లుగా మింగుతోందని మాత్రం నాకు తెలియదు.

అమ్మ బట్టలు కుడుతుంది. కాలితో తొక్కే మిషను. మోకాళ్ల నొప్పులు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఐదేళ్లుగా బీపీ మాత్ర కూడా వాడుతోంది. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్తే పాదాలు ఉబ్బి కనిపించాయి. "నిలబడి అరిసెలు వండాను కదా నాన్నా, అందుకే" అంది. నాకు అనుమానం వచ్చి పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 2.1 ఉంది. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న: "నొప్పుల బిళ్లలు ఏమైనా వాడుతున్నారా అమ్మా?" అమ్మ లేదంది. కాసేపాగి, "రోజూ పొద్దున ఒకటి వేసుకుంటానండీ, అది మామూలు బిళ్లే" అని పర్సులోంచి తీసి చూపించింది. కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్క, అందులో రెండు బిళ్లలు. వెనక సగం తెగిన నాలుగు అక్షరాలు తప్ప ఏమీ లేవు. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది.

షాపులో అడిగితే అప్పుడు చెప్పారు, అది డైక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన బిళ్ల అని. డాక్టరు గారు ఆపించారు. మూడు నెలల తర్వాత క్రియాటినిన్ 1.3కి దిగింది. మాది అదృష్టం. అందరికీ అలా దిగదు.

ఈ వ్యాసం ఇక్కడ పెట్టడానికి కారణం అదే. పరీక్ష కోసం చదివినది ఇంట్లో పనికి రాకపోతే ఆ చదువులో ఏదో లోపం ఉంది.

అసలు ఏం జరుగుతుంది?

నొప్పుల మందులన్నీ ఒకటి కాదు. పారాసెటమాల్ ఒక రకం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్ లాంటివి ఇంకో రకం. రెండో రకం మందులు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. నొప్పి, వాపు తగ్గేది అందువల్లే. అయితే కడుపు లోపలి పొరను కాపాడేవి, కిడ్నీకి రక్త ప్రవాహం సరిగా ఉండేలా చూసేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఆరోగ్యవంతుడు రెండు రోజులు వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కొన్ని రకాల బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడుతూ దీన్ని రోజూ వేసుకుంటే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి దెబ్బ పడుతుంది.

రాబందుకు చాలా చిన్న మోతాదే ప్రాణాంతకం. మనిషి శరీరం అంత సున్నితం కాదు. కానీ మనిషి విషయంలో కూడా దెబ్బ తగిలే చోటు కిడ్నీయే.

మా గదిలో వచ్చే ప్రశ్నలు

మేం నలుగురం ఒకే గదిలో ఉంటాం. తలనొప్పి, నడుం నొప్పి లేని రోజు ఉండదు. నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, డాక్టరును కాను. పెద్దవాళ్లకు సాధారణంగా వర్తించే విషయాలే రాస్తున్నాను. ఏదైనా జబ్బు ఉన్నవాళ్లు తమ డాక్టరు మాటే వినాలి.

*రోజుకు ఎన్ని పారాసెటమాల్ వేసుకోవచ్చు?* 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. 650 మాత్రలైతే ఆరింటికే 3.9 గ్రాములు అయిపోతాయి. అది చివరి హద్దు, అంతవరకూ వెళ్లాలని కాదు. మద్యం తాగేవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, బాగా బక్కగా ఉన్నవాళ్లకు హద్దు ఇంకా తక్కువ. అసలు చిక్కు ఏమిటంటే జలుబు మాత్రల్లో, ఒళ్లు నొప్పుల మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి, నడుముకు ఒకటి అనుకుని వేసుకుంటాం. కాలేయానికి చేరేది మాత్రం ఒకే మందు మూడుసార్లు. పొరపాటున మోతాదు బాగా మించితే మొదటి రోజు లక్షణాలు పెద్దగా కనిపించకపోవచ్చు. "బాగానే ఉన్నాను కదా" అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడు ఉంది, ఎంత తొందరగా ఇస్తే అంత మేలు.

*తిన్నాక వేసుకుంటే కడుపుకు ఏమీ కాదు కదా?* డైక్లోఫెనాక్ రకం మందులు తిన్నాకే వేసుకోవాలి, నిజమే. కానీ ఆ మందు కడుపుకు చేసే హాని చాలావరకు రక్తంలో కలిశాక జరుగుతుంది. కాబట్టి అన్నం తిన్నంత మాత్రాన ప్రమాదం పూర్తిగా పోదు. గ్యాస్ బిళ్ల కడుపును కొంత కాపాడుతుంది, కిడ్నీని కాపాడదు. మలం నల్లగా తారులా వస్తే, పాదాలు ఉబ్బితే, మూత్రం తగ్గితే మాత్ర ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

*రెండు రకాలు కలిపి వేసుకోవచ్చా?* పారాసెటమాల్‌తో పాటు రెండో రకంలో ఒకటి డాక్టర్లు రాస్తుంటారు. కానీ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రెండు కలిపి వేసుకోకూడదు. నొప్పి రెట్టింపు తగ్గదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

*వానాకాలం జ్వరం వస్తే?* ఇది బాగా గుర్తుపెట్టుకోండి. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముట్టుకోవద్దు. డెంగీలో రక్తస్రావం ముప్పు ఉంటుంది, ఈ మందులు దాన్ని పెంచుతాయి. పారాసెటమాల్, నీళ్లు, రక్త పరీక్ష. అంతే.

*నాకు రోజూ తలనొప్పి, రోజూ మాత్ర. తప్పా?* ఆ మాత్రే తలనొప్పికి కారణం కావచ్చు. తరచుగా తలనొప్పి వచ్చేవాళ్లు మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు, కలగలుపు మాత్రలను నెలకు 10 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ, మూడు నెలలకు పైగా వాడితే మందు వల్లే వచ్చే తలనొప్పి ఒకటుందని వైద్య శాస్త్రం గుర్తించింది. మా రూమ్మేట్ ఒకడు టెస్ట్ సిరీస్ మొదలైనప్పటి నుంచి వాడిన మాత్రలు లెక్కపెడితే నెలకు 22 రోజులు తేలాయి. కళ్ల పరీక్ష చేయిస్తే అద్దాలు రాశారు. మాత్రలు ఆపాక మొదటి వారం నరకం చూశాడు, తర్వాత తేరుకున్నాడు.

*ఎవరు అసలు సొంతంగా వాడకూడదు?* కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, బీపీ మాత్రలు వాడేవాళ్లు రెండో రకం మందులను అడగకుండా వేసుకోకూడదు. జ్వరం వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. 12 ఏళ్ల లోపు పిల్లలకు నిమెసులైడ్‌ను మన దేశంలో 2011లోనే నిషేధించారు.

చట్టం లేక కాదు

ఇప్పుడు జీఎస్-2కు వద్దాం. చట్టం ఈ రెండు రకాల తేడాను చాలా కాలంగా గుర్తిస్తూనే ఉంది. డ్రగ్స్ రూల్స్, 1945లోని షెడ్యూల్ కె ప్రకారం వెయ్యి జనాభా మించని ఊళ్లలో పారాసెటమాల్, ఆస్పిరిన్ లాంటి ఇంటి మందులను లైసెన్సు లేకుండా కూడా అమ్మవచ్చు. డైక్లోఫెనాక్ అలా కాదు, అది షెడ్యూల్ హెచ్‌లో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ట్రామడాల్ మీద ఇంకా గట్టి నియంత్రణ ఉంది. షెడ్యూల్ హెచ్1లో పెట్టి రిజిస్టరు రాయమన్నారు, 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు.

కలగలుపు మందుల మీద నిషేధాలు కూడా తక్కువేమీ కాదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షన్ 26ఎ కింద 2016లో 344, కోర్టుల్లో వాదనల తర్వాత 2018లో 328, 2023లో 14, 2024 ఆగస్టులో 156 నిషేధించారు. ఈ చివరి జాబితాలో ఎసిక్లోఫెనాక్ 50, పారాసెటమాల్ 125 మిల్లీగ్రాముల మాత్ర కూడా ఉంది.

ఇన్ని ఉన్నా మా అమ్మకు బిళ్ల అందింది, అదీ పేరు లేకుండా. అందుకే నా అభిప్రాయం ఇది: మన దగ్గర లోటు నిషేధాల్లో లేదు, కౌంటర్ దగ్గర ఉంది.

"అయితే చీటీ లేకుండా ఒక్క మాత్ర కూడా అమ్మనివ్వకూడదు" అని మీరు ఆన్సర్ షీటులో రాయబోతుంటే ఒక్క క్షణం ఆగండి. డాక్టరు దగ్గరకు వెళ్లాలంటే అమ్మకు ఒక రోజు పని పోతుంది, బస్సు చార్జీ, ఫీజు అదనం. ఐదు రూపాయల బిళ్లతో మిషను ముందు కూర్చోవచ్చు. ఆమె చేసింది తెలివితక్కువ పని కాదు, తనకు తెలిసినంతలో సరైన లెక్కే. ఆ లెక్కలో కిడ్నీ ఖరీదు ఎవరూ చెప్పలేదు. అంతే తేడా.

పైగా గుడ్డి కఠినత్వం ఏం చేస్తుందో మనం ఇప్పటికే చూశాం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించే దేశం మనది. అయినా 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం తర్వాత, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం లైసెన్సుల భయంతో, క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ దొరకడమే కష్టమైంది. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివారు ఏళ్ల తరబడి పోరాడాక 2014లో చట్టాన్ని సవరించి ఆ నిబంధనలను సులువు చేశారు. ఆర్టికల్ 47 కూడా హానికరమైన మాదక ద్రవ్యాలను నిషేధించమంటూనే "ఔషధ ప్రయోజనాలకు మినహా" అనే అర్థం వచ్చే మాట చేర్చింది. నొప్పితో ఉన్నవాడికి మందు అందకపోవడం భద్రత అనిపించుకోదు.

ఏం చేయవచ్చు?

ఒకటి, స్ట్రిప్‌లో ప్రతి బిళ్ల వెనకా మందు అసలు పేరు, మోతాదు, గడువు తేదీ ముద్రించాలి. కత్తిరించినా ఆ ముక్కకు పేరు మిగలాలి. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ కత్తెర పడితే ఆ కోడ్ కూడా షాపులోనే ఉండిపోతుంది.

రెండు, ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్, 2015 ప్రకారం రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత. దాన్ని రెండు ప్రశ్నలకు కుదిస్తే చాలు: "బీపీ, షుగరు, కిడ్నీ మందులు వాడుతున్నారా? ఇది ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు?" తెలుగులో ఒక బోర్డు, ఈ రెండు ప్రశ్నలతో, ప్రతి మెడికల్ షాపులో వేలాడాలి.

మూడు, ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో బీపీ చూసి మాత్రలిచ్చే ప్రతిసారీ నొప్పుల బిళ్లల సంగతి కూడా అడగాలి. మోకాళ్ల నొప్పికి వ్యాయామం, పైపూత మందు లాంటి మార్గాలు అక్కడే చూపించాలి. ప్రత్యామ్నాయం చూపకుండా ఆపేయమంటే ఎవరూ ఆపరు. రాబందుల విషయంలో మెలాక్సికామ్ చూపించాకే కదా నిషేధానికి దారి దొరికింది.

ఇవి జరిగేలోపు మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నారా, బాగున్నారా"తో పాటు "నొప్పికి ఏం బిళ్ల వేసుకుంటున్నారు, దాని మీద ఏం రాసుంది చదవండి" అని అడగండి. చదవడం రాకపోతే ఫోటో తీసి పంపమనండి. పేరు లేని ముక్కయితే అది పారేసి, పూర్తి స్ట్రిప్ అడిగి తెచ్చుకోమనండి. అమ్మ ఇప్పుడు ఏ మాత్ర తెచ్చినా ముందు నాకు ఫోటో పెడుతోంది. ఫోటోలు సగం మసకగానే ఉంటాయి, మళ్లీ తీయమంటే విసుక్కుంటుంది. అయినా తీస్తుంది.

సాధన ప్రశ్న (250 పదాలు): "భారతదేశంలో నొప్పి నివారణ మందుల సమస్య ఒకవైపు అతి లభ్యత, మరోవైపు అలభ్యత." తగిన చట్టాలు, ఉదాహరణలతో చర్చించండి.