ఏరిన పిక్కలు కాదు, మన ఇంటి పిక్కలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు చదువు గొప్పతనం గురించి రాద్దామనుకున్నాం. అది ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. హాస్టల్ అన్నం తిని పీజీ దాకా వచ్చిన మాకు, మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే కావడం వల్ల, ఇంకో బాధ్యత మీద పడింది. ఊళ్లో ఎవరు ఏ వ్యాపారం మాట తెచ్చినా "సదువుకున్నోలు గదా, డబ్బు ఎట్టొచ్చా?" అని మమ్మల్నే అడుగుతున్నారు. రేపు మిమ్మల్నీ అడుగుతారు. అందుకే ఈ నాలుగు మాటలు.

గత ఏడాది రావివలసలో మా వీధికి ఒక డీలరు వచ్చాడు. జీడిపిక్కలు కోసే చిన్న మిషన్ వ్యాను మీద తెచ్చాడు. ఇంటి వసారాలోనే పెట్టుకోవచ్చు, పిక్కలు మేమే ఇస్తాం, పప్పు మేమే కొంటాం, లోను కాగితాలు కూడా మేమే చూసుకుంటాం అన్నాడు. తన సంచిలోని పిక్కలు పోసి స్విచ్ వేశాడు. గుండుకు గుండు చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. డ్వాక్రా సంఘంలో అప్పు తీద్దామన్నవారు కొందరు. మా ఇంట్లో మాట అమ్మ చెవి కమ్మల దాకా వచ్చేసింది. నిజం చెప్పాలంటే మేమూ సంబరపడ్డాం. నెలకు ఎంత మిగులుతుందో కాలిక్యులేటర్ మీద లెక్క వేసి చూపించింది మేమే!

ఆపింది మా మేనత్త. కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీకి ఏళ్ల తరబడి పనికి వెళ్తున్న మనిషి, సంతకం మాత్రమే వచ్చు. "ఏటిరా బాబూ, ఒక్క సైజు పిక్కలు ఏరి తెచ్చి కోస్తే గుండు రాక ఏటవుతాది? మన ఇంటి పిక్కలు కొయ్యమను" అంది. డీలరు రేపు చూద్దామన్నాడు, కరెంటు లో వోల్టేజీ అన్నాడు. చివరికి తప్పక రెండు కిలోలు పోశాడు. చిన్న పిక్కలు కోత పడకుండానే జారిపోయాయి. పెద్ద వాటిలో బ్లేడు పప్పులోకే దిగింది. బద్దలు, ముక్కలు చాలా వచ్చాయి. అత్త నేల మీద మూడు కుప్పలు పోసి చూపించింది.

ఆ రాత్రి లెక్క మళ్లీ వేశాం. 80 కిలోల బస్తాకు పప్పు 20 కిలోలు వస్తుందనుకుందాం. గుండుకూ బద్దకూ కిలోకు 100 రూపాయల తేడా ఉందనుకుందాం. అందులో 4 కిలోలు గుండు కావలసింది బద్ద అయితే బస్తాకు 400 రూపాయలు పోయినట్టే. రోజుకు ఒక బస్తా, నెలకు 25 రోజులు అంటే 10,000 రూపాయలు. మేము లాభమని రాసుకున్నది దాదాపు అంతే.

పలాసలో పిక్కల బేరం 80 కిలోల బస్తా మీద నడుస్తుందని మీకు తెలుసు. ఆఫ్రికా పిక్కలు కొనే పెద్ద వ్యాపారులు కూడా 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్న లెక్క మీదే ధర కడతారు. బస్తాల్లోంచి అక్కడక్కడా పిక్కలు తీసి, తూచి, కోసి, మంచి పప్పును పుచ్చు నుంచి వేరు చేసి మళ్లీ తూస్తారు. దాన్ని కటింగ్ టెస్ట్ అంటారు. కోట్లు ఉన్నవాడే కోసి చూడకుండా కొనడు. కమ్మలు తాకట్టు పెట్టే మనం ఏ ధైర్యంతో కొంటాం?

"పప్పు మేమే కొంటాం" అన్న మాటను కూడా ఇలాగే కోసి చూడాలి. 2000 తర్వాతి సంవత్సరాల్లో మన రాష్ట్రంలోనూ తమిళనాడులోనూ ఎందరో రైతులు ఈమూ పక్షులు పెంచారు. మాంసానికి గిరాకీ, నూనెకు గిరాకీ అన్నారు. కాని డబ్బు ఎక్కువగా వచ్చింది కొత్తగా చేరే రైతుకు పిల్లల్ని అమ్మడం వల్లనే. మాంసం కొని తినేవాడు లేడు. 2012లో తమిళనాడులోని పెరుందురైలో సుశి ఈమూ ఫారమ్స్ మూతపడింది. మేత కూడా లేక పక్షులు మిగిలాయి. డబ్బు చివరకు ఎవరి జేబులోంచి వస్తుంది? తినేవాడి జేబులోంచా, మన తర్వాత చేరేవాడి జేబులోంచా?

ఇక సబ్సిడీ. పీఎంఈజీపీ పథకంలో గ్రామాల్లోని ఎస్సీ, ఎస్టీ వారికి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మనం పెట్టేది 5 శాతం. మంచి పథకమే, వాడుకోవాలి. అయితే ఆ సబ్సిడీ మన చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమ అవుతుంది. మిగతాది అప్పే. "సబ్సిడీ ఉంది గనక పెడదాం" అనేది తలకిందుల ఆలోచన అని మా అభిప్రాయం. ఆ డీలరునే మా బావ ఫోన్‌లో నగదు ధర అడిగితే, లోనుకు రాసిచ్చిన కొటేషన్ కంటే బాగా తక్కువ చెప్పాడు! ఇంకా, మన పిక్క వచ్చేది మార్చి నుంచి మే దాకా. మిగతా నెలలకు సరుకు ఎవరి డబ్బుతో కొనాలి? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను పడగొట్టిన సంగతి మరిచిపోయి ఏ లెక్కా వేయకూడదు.

యంత్రాలు వద్దని మా మాట కాదు. జీడి రసానికి చేతులు కాలిన మా అత్తకు మంచి మిషన్ కావాలి, మనందరి కంటే ఆమెకే ఎక్కువగా కావాలి. చింతకింది మల్లేశం గారిని చూడండి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చీరకు ఆసు పోసీ పోసీ తల్లి లక్ష్మి గారికి భుజం నొప్పి. రోజుకు రెండు చీరలకు చెయ్యి 18,000 సార్లు ఆడించాలి. 1992లో మొదలుపెట్టి 1999కి ఆయన లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మంచిదో కాదో తేల్చింది ఆసు పోసే చేతులే. మన దగ్గర మాత్రం మిషన్ చూసేది మగవాళ్లు, సంతకం పెట్టేది ఆడవాళ్లు, పిక్క సంగతి తెలిసినవాళ్లను అడిగేది ఎవరూ లేరు. ఇది మాకు సిగ్గుగా ఉంది.

మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు ఇంటర్ చదివే ఒక తమ్ముడు, తోటల్లో కుళ్లిపోయే జీడిపండుతో జ్యూస్ చేసి అమ్మితే ఎలా ఉంటుందని అడిగాడు. ఆలోచన మాకు నచ్చింది. కాని ఆ పండు ఒక్క రోజుకే పాడవుతుంది, తాగితే గొంతు పట్టేస్తుంది. వచ్చే సీజన్‌లో వాళ్ల తోటలో 10 కిలోలు ఏరి, రసం తీసి, టెక్కలి సంతలో గ్లాసు లెక్కన డబ్బు తీసుకుని అమ్మి చూడాలని ఒప్పందం చేసుకున్నాం. చుట్టాలకు అమ్మింది లెక్కలోకి రాదు. గ్లాసులు కడగడానికి మేమూ వస్తున్నాం.