రంగు తీసేస్తే నలుపూ తెలుపూ అవదు

డిజిటల్ ఫోటోల విషయంలో మనలో చాలామందికున్న ఒక నమ్మకంతో నాకు పేచీ ఉంది. కలర్ ఫోటోలోంచి రంగులు తీసేస్తే మిగిలేది బ్లాక్ అండ్ వైట్ ఫోటో అని, దాన్ని మంచి ప్రింటర్‌కి పంపిస్తే మంచి ప్రింటు వస్తుందని ఆ నమ్మకం. స్టూడియోవాళ్ళదీ ఇదే మాట, సంస్మరణ సంచికలు వేసేవాళ్ళదీ ఇదే మాట, ఖరీదైన ప్రింటర్ కొనుక్కున్న నా తోటి సాఫ్ట్‌వేర్ మిత్రులదీ ఇదే మాట. ఇందులో రెండు ముక్కలున్నాయి, రెండూ తప్పే.

మొదటి ముక్క చూద్దాం. చామనఛాయ ముఖం, నుదుట ఎర్రటి కుంకుమ బొట్టు. ఫైల్లో బొట్టు విలువలు ఎరుపు 200, ఆకుపచ్చ 20, నీలం 30 అనుకోండి. చర్మానివి 150, 105, 80. ఈ మూడంకెల్ని ఒక్క అంకె చేయాలి. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు. టీవీల కాలం నుంచీ వస్తున్న సూత్రం ప్రకారం ఎరుపుని 0.299తో, ఆకుపచ్చని 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కూడాలి. అప్పుడు బొట్టు 75, చర్మం 116. బొట్టు నల్లగా, స్పష్టంగా ఉంటుంది. ఫోటోషాప్‌లో ‘డీశాచురేట్’ నొక్కితే లెక్క మారిపోతుంది. మూడింట్లో పెద్దదీ చిన్నదీ కలిపి సగం చేస్తుంది. బొట్టు 110, చర్మం 115. బొట్టు దాదాపు మాయం! పోనీ, చర్మం నున్నగా వస్తుందని ఎరుపు చానెల్ ఒక్కటే ఉంచుకున్నారనుకోండి. బొట్టు 200, చర్మం 150. కుంకుమ కాస్తా విభూది అయింది.

ఒకే ఫోటో, ఒకే మనిషి. ఒక మెనూలో కుంకుమ, ఇంకో మెనూలో ఖాళీ నుదురు, మూడోదాంట్లో విభూది. ఖాళీ నుదుటికి మన దగ్గర ఏమర్థం ఉందో ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి తెలియదు. తెలియాలని నేనూ అనను. మనకి తెలుసు కదా! తెలిసి కూడా ఆ నిర్ణయాన్ని డిఫాల్టుకి వదిలేయడం మీదే నా కోపం. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనపడేది కాదు, అందుకని అందులో కుంకుమ నల్లగా పడేది. ఆ ఫిల్ము ఏం చేస్తుందో వాడేవాళ్ళకి తెలుసు. మన మెనూ ఏం చేస్తోందో మనం అడగనైనా అడగం.

ఇక రెండో ముక్క, ఇంకు. మామూలు కలర్ ప్రింటర్లో బూడిదరంగు ఇంకు ఉండదు. సయాన్, మజెంటా, పసుపు చుక్కల్ని పక్కపక్కన చల్లి, ఇది బూడిదరంగే అని మన కంటిని నమ్మిస్తుంది. ఆ నమ్మకం ఒక వెలుతురులో నిలుస్తుంది, ఇంకో వెలుతురులో చెదురుతుంది. ఫోటోలవాళ్ళు దీన్ని మెటామెరిజం అంటారు. ఎక్కువ కాలం మన్నే పిగ్మెంట్ ఇంకులతో ఎప్సన్ 2000లో తెచ్చిన స్టైలస్ ఫోటో 2000పి ప్రింటర్‌కి ఇదే చెడ్డపేరు తెచ్చింది. దాని బూడిదరంగు పగటి వెలుతురులో ఆకుపచ్చకి తిరిగేది. 2005లో వచ్చిన కె3 ఇంకుల్లో నలుపుతో పాటు రెండు పలచటి నలుపులు చేర్చి, రంగు ఇంకుల వాడకం తగ్గించాక గానీ ఆ కంపెనీ ప్రింటర్ల బూడిదరంగు కుదుటపడలేదు.

ఇదంతా ఫోటో పిచ్చివాళ్ళ గొడవ అని తీసిపారేయకండి. మన ఇళ్ళలో గోడ మీద అన్నిటికంటే ఎక్కువ కాలం ఉండే ఫోటో ఏది? ముందుగదిలో దండ వేసిన తాతగారిదో అమ్మమ్మగారిదో. పొద్దున కిటికీ వెలుతురు, రాత్రి ఎల్‌ఈడీ బల్బు, పండగలకి దాని చుట్టూ సీరియల్ లైట్లు. రోజుకిన్ని వెలుతుళ్ళు మారే చోట, రంగులు కలిపి చేసిన దొంగ బూడిదరంగుతో వేసిన ప్రింటు పెడుతున్నాం.

నల్ల పిగ్మెంట్ అంటే కార్బన్. అంటే మసి. ఘంటంతో తాటాకు మీద గీసిన అక్షరాల్లోకి మనవాళ్ళు రుద్దింది ఇదే. ఆకు పెళుసెక్కి విరుగుతుంది, పురుగు తొలుస్తుంది, మసి మాత్రం వెలిసిపోదు. రంగు పిగ్మెంట్లకి ఆ ఓర్పు లేదు. అయితే మసిలో ఒక చిక్కుంది. పలచన చేస్తే అది గోధుమఛాయకి తిరుగుతుంది. ఆ ఛాయ వద్దు, అచ్చమైన బూడిదరంగే కావాలంటే కొంచెం నీలమో మరొకటో కలపాలి. కలిపిన ఆ కొంచెమే ముందు వెలుస్తుంది. నూటికి నూరుపాళ్ళు మన్నికా కావాలి, నూటికి నూరుపాళ్ళు తటస్థమైన ఛాయా కావాలి అంటే కుదరదు. రెండింట్లో ఏది ముఖ్యమో ప్రింటు వేయించేవాళ్ళు తేల్చుకోవాలి. కంపెనీ మాత్రం మనని అడక్కుండానే తేల్చేస్తుంది, దానికి ‘న్యూట్రల్’ అని పేరు పెడుతుంది.

అడిగేవాళ్ళు లేకపోలేదు. వెర్మాంట్‌లో జాన్ కోన్ పీజోగ్రఫీ పేరుతో రంగు కార్ట్రిడ్జులన్నీ తీసేసి, వాటి స్థానంలో ఏడు ఛాయల నలుపులు పెట్టే పద్ధతి తెచ్చాడు. పాల్ రోర్క్ కార్బన్ ఇంకుల్ని ఎంత పలచన చేయాలో, ఏ పాళ్ళలో కలపాలో అందరికీ తెరిచి పెట్టాడు. రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్ అనే సాఫ్ట్‌వేర్‌ని యాభై డాలర్ల షేర్‌వేర్‌గా ఇచ్చాడు.

ఈ మూడోది నా వృత్తికి దగ్గరిది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ప్రింటర్ కంపెనీ డ్రైవర్లో బ్లాక్ అండ్ వైట్ మోడ్ తెరిస్తే ‘డార్క్’, ‘డార్కర్’, ‘డార్కెస్ట్’ లాంటి మాటలుంటాయి. ఏ ఇంకు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కనపడదు. క్వాడ్‌టోన్ రిప్ వాడే ప్రొఫైల్ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలు. తెరిస్తే ఒక్కో ఇంకుకీ 256 అంకెలు వరసగా ఉంటాయి. బూడిదరంగు ఫలానా మెట్టులో ఉన్నప్పుడు ఈ ఇంకు ఇంత పడాలి అని. నలుపు నుంచి తెలుపు దాకా 21 మెట్లున్న పట్టీ ఒకటి ప్రింటు వేసి, కొలిచి, ఆ అంకెలు ఇస్తే మెట్ల మధ్య ఎడం సమానంగా సర్దుతుంది. నచ్చకపోతే మార్చుకోవచ్చు. పదేళ్ళ తర్వాత ఇంకొకరు తెరిచి, వీడు నీడల్ని ఇలా తేల్చాడన్నమాట అని చదువుకోవచ్చు.

ఈ సర్దుబాటు ఎందుకంటే, తెర మీది నలుపు వేరు, కాగితం మీది నలుపు వేరు. మంచి నూలు మాట్ కాగితం మీద నలుపు సాంద్రత 1.6 ప్రాంతంలో ఆగుతుంది. అంటే పడ్డ వెలుతురులో రెండున్నర శాతం తిరిగొస్తుంది. నిగనిగలాడే బరైటా కాగితం మీద సాంద్రత 2 దాటుతుంది, తిరిగొచ్చేది ఒక్క శాతం లోపే. ఉన్న ఆ కాస్త చోటులో నల్లజుట్టు పాయలు విడివిడిగా కనపడాలా, ఒకే ముద్దగా ఉండాలా? ఎవరో ఒకరు తేల్చాలి. కాగితం సంగతీ అంతే. తళతళలాడే తెల్ల కాగితాల్లో చాలావాటికి బట్టలకి నీలిమందు పెట్టినట్టు బ్రైటెనర్లు కలుపుతారు. కాలం గడిచి అవి సన్నగిల్లాక అడుగునున్న పసుపు బయటపడుతుంది.

అలాగని అందరూ ఏడు నలుపులు కొనండి అనడం లేదు. వారానికోసారైనా ప్రింటు వేయనివాడు ఆ ఇంకులు పోస్తే నాజిళ్ళు పూడుకుపోయి ప్రింటరే పాడవచ్చు. పైగా, ఇంకుల గురించి మూడేళ్ళు వాదించి ముప్పై ఫోటోలైనా వేయని భక్తులున్నారు. వాళ్ళ నలుపు నిజంగా గొప్పదే, అందులో చూడ్డానికే ఏమీ ఉండదు. మామూలుగా నా సలహా ఇది: రెండు పలచటి నలుపులైనా ఉన్న పిగ్మెంట్ ప్రింటర్, బ్రైటెనర్లు లేని నూలు కాగితం, లోపలి అంకెలు చూపించే సాఫ్ట్‌వేర్. సొంత ప్రింటర్ లేకపోతే ల్యాబ్‌వాళ్ళని మూడు ప్రశ్నలడగండి. బూడిదరంగు ఏ ఇంకులతో వేస్తున్నారు? కాగితంలో బ్రైటెనర్లున్నాయా? రంగుల్ని నలుపు తెలుపులకి మార్చేది ఎవరు, మీరా, మెషీనా? ఈ మధ్య ఒక ల్యాబ్‌లో మూడో ప్రశ్న అడిగితే, “అది ఆటోమేటిక్ సార్” అని గర్వంగా చెప్పారు.

సాహిత్యంవాళ్ళతో ఈ మాటలెందుకంటే, ఇది మీకు బాగా తెలిసిన పనే. పాత కావ్యాన్ని అచ్చుకిచ్చే పరిష్కర్త నాలుగు ప్రతులు ముందు పెట్టుకుని, ఏ పాఠం తీసుకున్నాడో, ఏది వదిలేశాడో అడుగున రాస్తాడు. రాయకపోతే మనం ఊరుకోం. ఆన్సెల్ ఆడమ్స్ నెగెటివ్‌ని సంగీతకారుడి స్వరలిపితో, ప్రింటుని కచేరీతో పోల్చాడు. నాకు ఈ పరిష్కర్త పోలికే ఎక్కువ నచ్చుతుంది, ఇందులో జవాబుదారీ ఉంది. అక్షరం ఒకటి మారితే పేజీలకి పేజీలు తగువులాడుకునే మనం, అదే కవి ముఖచిత్రాన్ని ఎవడో మెనూలో ఏదో నొక్కి మార్చేస్తే కిక్కురుమనం. రాజా దీనదయాళ్ కాలపు ఆల్బుమెన్ ప్రింట్లకి ఉండే ఊదా కలిసిన గోధుమఛాయని తుడిచేసి బూడిదరంగులో వేస్తే, అదీ పాఠభేదమే.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. వేసిన ప్రతి ప్రింటు వెనకాలా పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాయండి: రంగుల్ని ఎలా మార్చారు, ఏ ఇంకులు, ఏ కాగితం, ఏ తేదీ. సంచికలు వేసేవాళ్ళయితే ఫోటో కింద ఒక్క వాక్యం చాలు. ఆ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చుంటే చాలామందికి మొదటిదాని దగ్గరే కలం ఆగిపోతుంది, అది తాము తీసుకున్న నిర్ణయం కాదు కనక. అక్కడ ఆగి, వెనక్కెళ్ళి ఫోటోని మళ్ళీ ఒకసారి చూస్తే చాలు.