బలవంతుడితో బంతాట

ఆర్మూరులో పసుపు పండించే ఇంటి పిల్ల ఒకతె టెన్నిస్ నేర్చుకుందనుకుందాం. సెలవుల్లో టోర్నమెంటు ఉందంటే నాన్నతో కలిసి హైదరాబాద్ బస్సెక్కింది. నెట్‌కు అవతల, రోజూ గంటల తరబడి కోచ్ దగ్గర సాధన చేసే అమ్మాయి. బేస్‌లైన్ దాటి ముందుకు రాదు. ఎటు వేసినా అంతకు రెట్టింపు వేగంతో బాదేస్తుంది. మనమ్మాయి కూడా పౌరుషానికి పోయి గట్టిగా కొట్టింది. ముప్పావుగంటలో ఆట ముగిసింది. 6-1, 6-0. తిరుగు ప్రయాణంలో ఇద్దరి మధ్యా మాటల్లేవు. ‘మనకెందుకు బిడ్డా ఈ ఆట’ అని నాన్న అనడమే తరువాయి, రాకెట్ అటకెక్కుతుంది.

అదే స్కోరుతో సానియా మీర్జా కూడా ఓడింది. 2006 సెప్టెంబరులో, కోల్‌కతా టోర్నమెంటు సెమీఫైనల్లో, సొంత ప్రేక్షకుల ముందు. ఓడించింది మార్టినా హింగిస్. తమాషా ఏమిటంటే, ఆ ఇద్దరిలో బంతిని గట్టిగా బాదేది సానియాయే. ఆమె ఫోర్‌హ్యాండ్ అంటే పెద్దపెద్దవాళ్లే జంకేవారు. హింగిస్‌కు అంత బలం ఏనాడూ లేదు. మరి ఆమె దగ్గరున్నదేమిటి? ఎదుటి మనిషి అడుగు ఎటు పడబోతోందో ముందే పసిగట్టే చూపు, ఒకే రకం బంతిని వరసగా రెండుసార్లు ఇవ్వని పిసినారితనం!

బేస్‌లైన్ నుంచి బాదేవాళ్ల రహస్యం కొంత మన చేతిలోనే ఉంది. మనం వేగంగా పంపిన బంతి వేగాన్నే వాళ్లు అప్పు తీసుకుని, వడ్డీతో తిరిగిస్తారు. అప్పివ్వడం మానేస్తే? నెమ్మదైన బంతికి వేగం వాళ్లే పుట్టించుకోవాలి. అక్కడే తప్పులు దొర్లుతాయి.

1975 వింబుల్డన్ ఫైనల్లో ఆర్థర్ యాష్ చేసింది ఇదే. అవతల జిమ్మీ కానర్స్, వయసు 22, అంతకుముందు ఏడాది విజేత. యాష్‌కు 32 నిండబోతున్నాయి. అప్పటిదాకా కానర్స్‌ను ఒక్కసారీ ఓడించలేదు. సహజంగా యాష్ కూడా గట్టిగా కొట్టే ఆటగాడే. ఆ రోజు మాత్రం స్వభావం మార్చుకున్నాడు. సర్వీసును పక్కకు వేసి కానర్స్‌ను కోర్టు బయటికి లాగాడు. ఫోర్‌హ్యాండ్ వైపు పస లేని, కిందికి జారే బంతులు వేశాడు. ముందుకొస్తే తలమీదుగా లాబ్ ఎత్తాడు. 6-1, 6-1, 5-7, 6-4. మూడో సెట్ పోయినా ఎత్తు మార్చలేదు. అన్నిటికంటే కష్టమైన పని అదేనేమో.

ఇక మన పిల్ల సంగతి. మార్కెట్ యార్డులో పసుపు కొనేవాళ్లు కొమ్ము విరిచి లోపలి రంగు చూశాకే ధర చెబుతారు కదా, మొదటి రెండు మూడు గేమ్‌లు అలా ఎదుటివాళ్లను విరిచి చూడటానికే. పొట్టి బంతికి ముందుకు పరుగెత్తాల్సొస్తే తడబడుతోందా? భుజం ఎత్తులో వచ్చిన బంతిని ఎలా కొడుతోంది? ఒంటిమీదికి సర్వీసు చేస్తే పక్కకు జరగగలుగుతోందా?

మూలలకు గురిపెట్టాలన్న ఆశ అందరికీ ఉంటుంది. బలవంతులతో ఆడేటప్పుడు అది ప్రమాదం. మూలకు వేసిన బంతి వాళ్లకు కూడా వాలు చూపిస్తుంది. ఎత్తుగా, లోతుగా, కోర్టు నడిమధ్యకు వేస్తే ఆ వాలు దొరకదు. ఊపిరి తీసుకునే వ్యవధి మనకు మిగులుతుంది. వాలుగా కొట్టక తప్పనప్పుడు ఐమూలగా కొట్టడమే మేలు. నెట్ స్తంభాల దగ్గర 1.07 మీటర్ల ఎత్తుంటే మధ్యలో 0.914 మీటర్లే. పైగా సింగిల్స్ కోర్టు పొడవు 23.77 మీటర్లు కాగా, మూల నుంచి మూలకు 25 మీటర్లు దాటుతుంది. బంతి బయటపడే భయం తక్కువ.

రెండు మూడు లోతైన బంతుల తర్వాత ఒక్కటి పొట్టిగా, స్లైస్ చేసి వదలాలి. గొప్ప డ్రాప్‌షాట్ కానక్కర్లేదు. బేస్‌లైన్‌కు అలవాటుపడిన మనిషిని ముందుకు రప్పిస్తే చాలు, తర్వాతి లాబ్ పని తేలికవుతుంది. అదే పనిగా చేస్తే మాత్రం కనిపెట్టేస్తారు.

ఇంత చేసినా గెలుపు ఖాయమా అంటే, కాదు. కోల్‌కతాలో ఓడిన వారానికే సియోల్ క్వార్టర్‌ఫైనల్లో సానియాకు మళ్లీ హింగిసే ఎదురైంది. మొదటి సెట్ 4-6తో పోయింది. మిగతా రెండూ 6-0, 6-4తో సానియావే. కొట్టే చేతికి లయ కుదిరితే ఎంతటి తెలివికైనా గడ్డురోజు తప్పదు. ఈ ఇద్దరే 2015లో డబుల్స్‌కు జతకట్టి వింబుల్డన్, యూఎస్ ఓపెన్, మరుసటి ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. ఒకరి బలానికి ఇంకొకరి నేర్పు తోడైంది.

ఆ నాన్నకు టెన్నిస్ రాకపోయినా ఫరవాలేదు. రెండు వెదురుగడలు పాతి, నెట్‌కు మీటరు ఎత్తున తాడు కట్టాలి. పిల్ల ప్రతి బంతినీ ఆ తాడు మీదుగా పంపాలి, అది బేస్‌లైన్‌కు రెండడుగుల లోపల పడాలి. పదింటిలో ఏడు పడేదాకా రోజూ సాయంత్రం లెక్కపెట్టడం నాన్న వంతు.