మూడు రూపాయల వడ్డీ మన ఇళ్లలోంచి పోవాలి

పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు మనవి

నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చుకున్న ఇల్లు నెలనెలా 3,000 వడ్డీ కడుతుంది. మూడేళ్లలో 1,08,000 కట్టినా అసలు లక్ష అలాగే నిలబడి ఉంటుంది. అదే లక్షను సంఘం ద్వారా బ్యాంకులో రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి తీసుకుని 36 నెలల కిస్తీలుగా కడితే నెలకు 3,321 పడుతుంది. ఆఖరి కిస్తీతో అసలూ వడ్డీ రెండూ తీరిపోతాయి. నెలకు తేడా 321 రూపాయలు. మూడేళ్లయ్యాక ఒక ఇంటికి ఇంకా లక్ష బాకీ, ఇంకో ఇంటికి పైసా బాకీ లేదు. ఈ ఒక్క లెక్క ప్రతి ఇంటికీ చేరాలని ఈ కరపత్రం వేశాం.

2019లో కేంద్ర ప్రభుత్వం రైతు కుటుంబాల మీద చేసిన సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 50 కుటుంబాలు అప్పుల్లో ఉన్నట్టు తేలితే, ఆంధ్రప్రదేశ్‌లో 93, తెలంగాణలో దాదాపు 92 కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. ఆంధ్రాలో కుటుంబానికి సగటు అప్పు 2,45,000 రూపాయల పైనే. సేద్యం చేసేవాళ్లకు పెట్టుబడి కావాలి, పిల్లల చదువుకు ఫీజులు కావాలి, ఆస్పత్రి ఖర్చు చెప్పి రాదు. అప్పు చేయడం తప్పని మేం అనడం లేదు. మా బాధంతా వడ్డీ గురించే.

దుబారా తగ్గించండి, పొదుపు చేయండి అని మనకు చెప్పేవాళ్లకు కొదవ లేదు. కానీ ఏడాదికి 36 శాతం వడ్డీ పోతున్న ఇంట్లో టీ నీళ్లు మానుకుని మిగిల్చిన మూడొందలు ఏ మూలకు? ఇంకో సంగతి. చాలా ఇళ్లలో ఒక పక్క మూడు రూపాయల వడ్డీ కడుతూ, ఇంకో పక్క ఏడు శాతం కూడా రాని డిపాజిట్‌లో డబ్బు దాస్తారు, పండక్కి తులం బంగారం కొంటారు. పిల్ల పెళ్లికి ఉంటుందని తల్లి పడే ఆరాటం మాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు. ఖరీదైన అప్పు తీర్చడమే అన్నిటికంటే పెద్ద పొదుపు. ముందు అది తీర్చి, తర్వాత బంగారం కొనుక్కోండి.

వడ్డీని మనం రూపాయల్లో మాట్లాడుకుంటాం. రెండు రూపాయలే కదా, మూడు రూపాయలే కదా అనిపిస్తుంది. ఏడాదికి చూస్తే రెండు రూపాయలంటే 24 శాతం, మూడంటే 36, ఐదంటే 60. రోజువారీ ఫైనాన్స్ సంగతి మరీ ఘోరం. పదివేలని చెప్పి వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా పోయిందనుకుంటాం. మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నాం కాబట్టి సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలే, అదీ మూడు నెలల పైచిలుకు. ఏడాది లెక్కన వడ్డీ 75 శాతం దాటుతుంది. కూరగాయల బండి మీద ఏ లాభం ఇంత వడ్డీకి నిలుస్తుంది? బళ్ల షోరూముల్లో చెప్పే ఫ్లాట్ వడ్డీదీ ఇదే తీరు. లక్షకు 12 శాతం ఫ్లాట్ అని చెప్పి పన్నెండు కిస్తీల్లో కట్టించుకుంటే నిజంగా పడేది 21 శాతం పైనే. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులైనా ఫైనాన్స్ కంపెనీలైనా కొత్తగా అప్పు ఇచ్చేముందు, ఖర్చులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో కాగితం మీద రాసివ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అది అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో ఇమ్మని గట్టిగా అడగండి. ఆ కాగితం చేతికి రాకుండా సంతకం పెట్టకండి.

ఊరి అప్పులకు ఆ కాగితం ఉండదు. ప్రోనోటు ఉంటుంది. రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే నోటు కోర్టులో చెల్లదు కాబట్టి గడువు దగ్గరపడగానే తిరగరాయించుకుంటారు. అప్పుడు జరిగేది చూడండి. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి, పంటలు సరిగా రాక వడ్డీ కట్టలేకపోయిన ఇల్లు అనుకుందాం. మూడేళ్లకు వడ్డీ 72,000. కొత్త నోటు 1,72,000కు రాస్తారు. ఇక మీదట వడ్డీ మీద కూడా వడ్డీ. ఇంకో మూడేళ్లకు దాని మీద 1,23,840 చేరి బాకీ 2,95,840 అవుతుంది. ఆరేళ్లలో లక్ష కాస్తా మూడు లక్షలకు నాలుగు వేలు తక్కువ. ఈ ఆరేళ్లలో ఆ ఇంటికి కొత్తగా ఒక్క రూపాయి రాలేదు. ఎకరం అమ్ముకున్న కుటుంబాల వెనక ఇలాంటి తిరగరాసిన నోట్లే ఎక్కువ.

దీనికి దారి ఉంది, అదీ మన చేతిలోనే ఉంది. సంఘాలకు ఇచ్చే బ్యాంకు లింకేజీ అప్పును దేనికి వాడుకోవచ్చో రిజర్వు బ్యాంకు జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద బ్యాంకులకు రాసిన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. పెద్ద వడ్డీ అప్పులు తీర్చుకోవడం అందులో ఒకటి. గేదెలు కొనడానికే, షాపు పెట్టడానికే ఇస్తామని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి. రెండు లక్షలు దాటిన అప్పులో కనీసం సగం, నాలుగు లక్షలు దాటితే ముప్పాతిక వంతు ఆదాయం వచ్చే పనులకు వాడాలన్న షరతు మాత్రం ఉంది. మిగిలిన భాగంలో అప్పుల మార్పిడికి చోటుంది. సంఘానికి మూడు లక్షల వరకు అప్పు 7 శాతానికే ఇవ్వాలి, పది లక్షల వరకు ఆస్తి హామీ అడగకూడదు. పైన మేం వేసిన లెక్కలో 12 శాతం కావాలనే ఎక్కువగా పెట్టాం. ప్రభుత్వాలు ప్రకటించే వడ్డీ రాయితీ సకాలంలో వస్తే సంతోషం. వస్తుందని నమ్ముకుని ఇంటి లెక్క వేసుకోకండి.

సొంత భూమి ఉన్న రైతులు కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల వరకు పంట రుణం ఏడు శాతానికి తీసుకోవచ్చు. గడువులోపు కడితే చివరికి పడేది నాలుగు శాతమే. అది వదిలేసి ఎరువుల షాపులో అరువు పెట్టడం, ఆ అరువు కోసం పంటను షాపతను చెప్పిన ధరకు తోలడం ఇంకానా? కౌలు రైతుకు ఈ రుణం అందడం కష్టంగానే ఉంది. కాబట్టి సంఘం వాటాలో కౌలు కుటుంబాలకే ముందు పీట వేయాలి.

ఇక్కడ పెద్దవాళ్లు ఒక అనుమానం అడుగుతారు. అప్పు తీర్చడానికి అప్పు చేయడం వల్లే కదా ఇన్ని కుటుంబాలు మునిగాయి అని. నిజమే. వారంవారం వసూళ్ల కంపెనీల అప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుని, కిస్తీ కోసం ఇంకో కంపెనీ దగ్గరికి పోయి, ఊళ్లలో ఆత్మహత్యలు జరిగాకే 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో ఆ కంపెనీలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చారు. ఆ రోజుల్లో కొత్త అప్పు వచ్చినా పాత అప్పు పోలేదు, వడ్డీ తగ్గలేదు. మనం చేయాల్సిన మార్పిడిలో వడ్డీ బాగా దిగాలి, అప్పుల సంఖ్య తగ్గాలి, పాత నోటు ఆ రోజే చేతికి రావాలి. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా సంఘం ఆ అప్పు ఇవ్వకూడదు. డబ్బు చేతికొచ్చాక ఇంటి అవసరాలు వంద గుర్తొస్తాయి. అందుకే సొమ్ము సభ్యురాలి చేతికి కాకుండా నేరుగా అప్పు ఇచ్చినవారి ఖాతాకు పోవాలని పట్టుబడుతున్నాం.

వడ్డీ వ్యాపారి అర్ధరాత్రి తలుపు తట్టినా ఇస్తాడు, బ్యాంకు ఇస్తుందా అని కూడా అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసుకోలేం. పురిటి నొప్పులొచ్చిన పిల్లను ఆటో ఎక్కించేటప్పుడు ఎవరూ శాతాలు అడగరు. అందుకే సంఘం పొదుపు మొత్తాన్ని అప్పులుగా పంచేయకుండా కొంత అత్యవసరానికి పక్కన పెట్టాలి. ఏ రోజైనా ఇద్దరు లీడర్లు సంతకం పెడితే మర్నాటికల్లా చేతికి అందేలా కట్టుబాటు చేసుకోవాలి. ఆ వడ్డీ రూపాయి అయినా మన సంఘానికే వస్తుంది. త్వరగా చిన్న అప్పులు ఇవ్వడానికి 2011లో పెట్టుకున్న స్త్రీనిధి ఉండనే ఉంది.

సంఘంలో ఎంత చేసినా ఇంట్లో ఒక పని జరగకపోతే లాభం లేదు. భర్త చేసిన అప్పు భార్యకు తెలియదు, భార్య చేసిన అప్పు భర్తకు తెలియదు. ఇంటి పెద్ద పోయిన పదకొండో రోజున నోట్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్లను చూశాకే ఆ తల్లికి లెక్క తెలుస్తుంది. అందులో ఏది నిజమో, ఏది ఎప్పుడో తీరిపోయిందో చెప్పే మనిషి ఇక ఉండడు. అన్నలారా, ఈ మాట మీకే చెబుతున్నాం. ఈ వారంలో ఒక రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ కూర్చుని ఒకే పుస్తకంలో రాయండి: ఎవరి దగ్గర, ఎంత, ఏ తేదీన, నెలకు ఎంత వడ్డీ, ఏడాదికి ఎంత శాతం, ఏం తాకట్టు పెట్టాం. బంగారం ఏ బ్యాంకులో ఉందో, గడువు ఎప్పటికో రాయండి. ఎంత కట్టినా ఆ రోజే నోటు వెనక చెల్లు రాయించండి. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం ఎవరికీ ఇవ్వకండి, బావమరిదికైనా సరే. తీరిన నోటు వెనక్కి తెచ్చుకోండి.

బ్యాంకుకు వెళ్లినప్పుడే ఇంకో పని చేసుకురండి. ఏడాదికి 436 రూపాయలు కడితే రెండు లక్షల జీవిత బీమా, 20 కడితే రెండు లక్షల ప్రమాద బీమా. మొదటిది యాభై ఏళ్లలోపు, రెండోది డెబ్బై ఏళ్లలోపు వాళ్లు చేరవచ్చు. మనిషి పోయినా అప్పు ఇంటి మీద పడకుండా ఆ డబ్బు కొంత ఆదుకుంటుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం చల్లారకముందే ఆ జిల్లా పల్లెల్లో పొదుపు ఉద్యమం మొదలైంది. మన సంఘాలకు ఆ చరిత్ర ఉంది. సారా మాన్పించగలిగిన ఆడవాళ్లు ఈ వడ్డీనీ మాన్పించగలరని మా నమ్మకం. బ్యాంకు మేనేజర్లకు మా విన్నపం ఒక్కటే: సంఘం రాసుకొచ్చిన రుణ ప్రణాళికలో అప్పుల మార్పిడి కనబడితే కొట్టేయకండి.

వచ్చే సంఘం మీటింగులో ఈ కింది తీర్మానం చదివి, నచ్చితే తీర్మానాల పుస్తకంలో రాసుకోండి.

“మా సభ్యుల ఇళ్లలో నూటికి రూపాయిన్నర మించి వడ్డీ పడుతున్న అప్పులన్నీ ఈ రోజు రాసుకున్నాం. ఈసారి బ్యాంకు లింకేజీలో నిబంధనలు ఒప్పుకున్న మేరకు మొదటి వాటా ఈ అప్పులు తీర్చడానికే ఇస్తాం. అందులో కౌలు కుటుంబాలకు, ఒంటరి మహిళలకు ముందు ఇస్తాం. సొమ్ము నేరుగా అప్పు ఇచ్చినవారి ఖాతాకు పంపిస్తాం. పాత నోటు సంఘానికి చూపించాకే మార్పిడి పూర్తయినట్టు రాస్తాం. మార్పిడి చేసుకున్న సభ్యురాలు ఆ అప్పు తీరేదాకా సంఘానికి చెప్పకుండా బయట అప్పు చేయదు. ఈ తీర్మానం నకలు గ్రామ సంఘానికి, బ్యాంకు మేనేజరుకు పంపుతాం.”